ఏడుగురి పట్టిక

ఉగాదినాడు పంచాంగ శ్రవణమునకు కూర్చుండువారు తమ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చెవియొగ్గి విందురు. ఆదాయము రెండు, వ్యయము పదునాలుగు అని చెప్పినను ఎవ్వరును లేచిపోరు. మరుసటి యేడు మరల వచ్చి కూర్చుందురు. కబడ్డీ ప్రియులకును ఇట్టి శ్రవణ మొకటి కలదు. ప్రో కబడ్డీ లీగ్ వేలము ముగిసిన పిదప, పోటీలు ఆరంభమగుటకు ముందు, తెలుగు టైటన్స్ తరఫున తొలి ఆటలో మ్యాటుపై దిగు ఏడుగురెవరన్న జోస్యము ఊరూర సాగుచుండును. మేమును ఆ జోస్యము చెప్పినవారమే. చెప్పి తప్పినవారము కూడ. ఆ తప్పు ఎట్టిదో, దానిని మాకు చూపినవారెవరో నేడు శ్రోతలకు విన్నవింతుము.

2023 నవంబరు నెలలో చెరకు సాగును గూర్చిన గ్రామీణ కార్యక్రమ మొకటి రికార్డు చేయుటకై మేము బుచ్చయ్యపేట వెళ్ళితిమి. చోడవరము ప్రాంతములోని ఈ మండల కేంద్రము 2022 వరకు విశాఖపట్టణము జిల్లాలోనిది. ఆ యేటి విభజనలో అనకాపల్లి జిల్లాలో చేరినది. రైతులతో సంభాషణలు ముగించుకొని, యంత్రము సర్దుకొని తిరుగుముఖము పట్టునంతలో ఒక బయలున కుర్రవాండ్రు చెడుగుడు ఆడుచుండుట కనబడెను. పేరు కబడ్డీ అయినను ఆ బయలున వినబడు మాటలు పాతవే. పట్టుబడినవాడు 'చచ్చెను', మరల లోనికి వచ్చినవాడు 'బ్రతికెను'. ఈ రెండు మాటలను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. మా తప్పు వీటియందే యున్నది.

బయలు ప్రక్కన విశ్రాంత వ్యాయామోపాధ్యాయు లొకరు కుర్చీ వేసికొని కూర్చుండిరి. ఊరివారందరికిని ఆయన డ్రిల్లు మాస్టారు. ఆయన ఒడిలో బిస్కట్ల రేకుడబ్బా ఒకటి యున్నది. అందు కుర్రవాండ్రందరును తలకొక చీటి వ్రాసి వేయుదురట. చీటిపై టైటన్స్ జట్టులో తొలి ఆటకు దిగు ఏడుగురి పేర్లుండును. ఆట జరిగిన మరునాడు డబ్బా తెరచుదురు. ఎక్కువ పేర్లు సరిపోయినవానికి తక్కినవారందరు ఒక్కొక్క టీ ఇప్పించవలెను. ఏడు టీలు ఒక్కనాడే త్రాగి రాత్రియంతయు మేలుకొన్నవాని కథయు చెప్పిరి. రేడియోవారు వచ్చిరి గనుక మాకును ఒక కాగితము, పెన్సిలు ఇచ్చిరి.

ఆ యేడు జోస్యము సులువుగానే తోచినది. 2023 అక్టోబరు 7వ తేదీన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన భారత జట్టుకు నాయకుడు పవన్ సెహ్రావత్. ఆ వెంటనే ముంబయిలో జరిగిన వేలమున టైటన్స్ వారు ఆయనను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తెచ్చుకొనిరి. అంతకు ముందెన్నడును ఆ లీగులో ఎవ్వరికిని పలుకని ధర అది. మేము చీటిపై మొదటి పేరుగా పవన్ అని వ్రాసి, క్రింద రజనీశ్ పేరు వ్రాసి, ఆ పిదప కూతకు పోవువారినే మరి యిద్దరిని చేర్చితిమి. పట్టువాండ్ర వంతు వచ్చునప్పటికి స్థలము మూడు పేర్లకే మిగిలెను. తోచిన మూడు వ్రాసి మడచితిమి.

మాస్టారు అనుమతింపగా ప్రక్కనున్న కుర్రవాడొకడు ఆ చీటి విప్పి చదివెను. వాడు ఊరి జట్టులో ఎడమ కార్నరున నిలుచువాడు. సన్నని మనిషి, మాట తక్కువ. చదివి నవ్వలేదు.

"బాబుగారూ, మీరు రాసినోళ్ళలో సగానికి పైన కూతకెళ్ళీవోళ్ళే. పట్టీవోళ్ళేరీ?" అనెను.

మేము నవ్వి ఊరకుంటిమి. అంతటితో నిలిచినను బాగుండెడిది. ఆ వారమే మా కేంద్రమునుండి ప్రసారమైన క్రీడా ప్రసంగమున అదే పట్టికను చదివి, ఈ యేడు టైటన్స్ మొదటి ఆరు జట్లలో నుండుట తథ్యమని కూడ పలికితిమి.

ఈ ఆటను చిన్ననాట ఆడి మరచిన గృహస్థుల కొరకు రెండు మాటలు చెప్పవలెను. మ్యాటుపై ఏడుగురు నిలుతురు. మామూలుగా ఇరుమూలల ఇద్దరు కార్నరువారు, వారిని ఆనుకొని లోవైపున ఇద్దరు కవరువారు. ఈ నలుగురు పట్టువాండ్రు. మధ్యనుండు ముగ్గురు వంతులవారీగా కూతకు పోవుదురు. కూత గడువు ముప్పది సెకనులు. కార్నరువాడు ఎక్కువగా చీలమండను పట్టును. కవరువాడు మీదబడి గీత దాటించి నెట్టును. ఎదుటివాడు కూతకు వచ్చినపుడు కూతగాండ్రును గొలుసులో చేయి కలిపి నిలువవలసినదే. అనగా నిలుచు చోటు ఎఱుగని కూతగాడు గొలుసులో తెగిన లంకె.

అమెరికా దేశమున ఫుట్‌బాల్ అని పిలుచు ఆట కలదు. బంతిని చేతబట్టి పరుగిడు ఆ ఆటకును మన ఫుట్‌బాలునకును పొత్తు లేదు. అచటి వృత్తిజట్లు సీజనుకు 53 మందిని నిలుపుకొనును. దాడికి పదునొకండుగురు, రక్షణకు వేరే పదునొకండుగురు. సెప్టెంబరులో పోటీలు మొదలగుటకు ముందు, ఆగస్టు మాసమంతయు, పత్రికలవారు ఈ ఇరువది యిద్దరి పేర్లను ఊహించుచు పుటలు నింపుదురు. అక్కడ దాడిచేయువాడు రక్షణకు రానక్కరలేదు గనుక, ఏ చోటికి ఆ చోటుగా ఊహించుట చెల్లును. మన ఆటలో అట్లు కుదరదు. ఒక్క పేరు మార్చినచో ఏడు చోట్లును కదలును.

ఇక చావు బ్రతుకుల సంగతి. మనవాడొకడు చచ్చి వెలుపలికి పోయినచో, ఎదుటి జట్టులో ఒకనిని చంపినప్పుడే బ్రతికి లోనికి వచ్చును. వచ్చుటకును వరుస కలదు. ముందు చచ్చినవాడు ముందు బ్రతుకును. బోనసు గీత త్రొక్కి తెచ్చిన పాయింటు లెక్కకు వచ్చును గాని ఎవ్వనిని బ్రతికింపదు. కనుక జట్టులోని మేటి కూతగాడు పట్టుబడినపుడు అసలు ప్రశ్న, అతడెంత గొప్పవాడన్నది కాదు. అతనిని మరల లోనికి తెచ్చువారెవరు? రెండవ కూతగాడు తేవలెను, లేదా ఆ నలుగురు పట్టువాండ్రు తేవలెను. వారు తేలేనంతసేపు రెండున్నర కోట్ల మనిషియైనను బల్లపై కూర్చుండి చూడవలసినదే. నిజమునకు ఆట మొదలైన మొదటి నిమిషముననే మనము ఊహించిన ఏడుగురు ఆరుగురగుదురు, అయిదుగురగుదురు. ఏడుగురును కలిసి నిలుచునది ఎంతసేపు? ఆ కొద్దిసేపటి కొరకే మేము పట్టిక వ్రాసితిమి గాని, తక్కిన కాలము కొరకు కాదు.

పట్టువాండ్రయందు మరియొక సూక్ష్మము కలదు. వారిని ఒక్కొక్కరినిగా లెక్కింపరాదు, జంటలుగా లెక్కింపవలెను. 2017లో గుజరాత్ జట్టు లీగునకు క్రొత్తగా వచ్చి, ఆ యేడే ఫైనలు వఱకు పోయినది. మరుసటి సీజనునను పోయినది. ఆ జట్టులో సునీల్ కుమార్, పర్వేశ్ భైంస్వాల్ అను యువకులిద్దరు కవర్లుగా నిలిచిరి. ఒకడు కదలక మునుపే రెండవవానికి తెలిసెడిది. 2022లో ఆ జంట విడిపోయెను. సునీల్ జైపూర్ పోయి, నాయకుడై, ఆ సీజనున కప్పు గెలిచెను. పర్వేశ్ తెలుగు టైటన్స్‌కు వచ్చెను. అనగా జంటలో సగము మనకు దక్కినది. సగము కాడికి ఎద్దును కట్టి దుక్కి దున్నమన్నట్లయినది పాపము ఆయన పని. 2024లో ఈ యిద్దరును ముంబయి జట్టులో మరల కలిసిరి. ఆ జట్టు ఆ యేడు ప్లేఆఫ్ దశకు చేరినది.

శ్రోతలలో కొందరు దీనిని మించిన నిదర్శన మడుగవచ్చును. ఇదే పవన్ సెహ్రావత్‌ను 2022లో తమిళ్ తలైవాస్ వారు 2 కోట్ల 26 లక్షలకు కొనిరి. తొలి ఆటలోనే, ఆట ముదరక మునుపే, ఆయన మోకాలు దెబ్బతిని ఆ సీజనంతటికిని దూరమయ్యెను. ముందుగా వ్రాసిన పట్టికలన్నియు ఆ క్షణముననే చెల్లనివైనవి. అయినను ఆ జట్టు సెమీఫైనలు వఱకు పోయినది. నరేందర్ అను క్రొత్త కుర్రవాడు కూత భారము మోసెను. సాగర్, సాహిల్ గులియా మూలలయందును, మోహిత్, అభిషేక్ కవర్లుగాను స్థిరముగా నిలిచిరి. మన టైటన్స్ ఆ యేడు 22 ఆటలాడి రెండు గెలిచినది. అంతకు ముందటి సీజనున సిద్ధార్థ్ దేశాయ్ ఆరంభదినములలోనే గాయపడగా మనకు దక్కిన విజయము ఒక్కటి. ఇవన్నియు తెలిసియే మేము 2023లో మరల కూతగాండ్ర పేర్లే వ్రాసితిమి.

ఫలితము శ్రోతలెఱిగినదే. 2023 డిసెంబరు 2వ తేదీన అహ్మదాబాదులో గుజరాత్ చేతిలో 32-38 తేడాతో ఓటమి. సీజను ముగియునప్పటికి 22 ఆటలలో విజయములు రెండు, పట్టికలో చిట్టచివరి స్థానము. పవన్ కూతలో లోపము లేదు. జట్టులో అందరికంటె ఎక్కువ కూత పాయింట్లు తెచ్చినవాడు ఆయనయే. తెచ్చి, ఒకసారి పట్టుబడి, బల్లపై కూర్చుండెను. బ్రతికించువారు లేరైరి. 'తథ్యము' అన్న మాటను మేము ఆనాటినుండి మైకు ముందు వాడుట మానితిమి.

2024 ఫిబ్రవరిలో మరల బుచ్చయ్యపేట పోవలసి వచ్చెను. బయలున ఆట జరుగుచున్నది గాని ఎడమ కార్నరు కుర్రవాడు లేడు. మాస్టారును అడిగితిమి. ఆయన వెంటనే చెప్పలేదు. రేకుడబ్బా మూత తీసి, మరల పెట్టి, ఆ పిదప చెప్పిరి.

సంక్రాంతికి చుట్టుప్రక్కల ఊళ్ళ జట్లకు పోటీ పెట్టిరి. చందాలు వేసికొని ఈ ఊరివారు ఏడు రంగు బనీనులు కుట్టించిరి. కుర్రవాని పేరు వాటిలో నొకదానిపై అచ్చు వేయించిరి కూడ. ఇంతలో భోగినాడు ఊరి పెద్ద యొకరి యింటికి క్రొత్తల్లుడు పండుగకు వచ్చెను. అతడు పట్టణమున మంచి కూతగాడని పేరుపొందినవాడు. అల్లుడుగారికి ఆడవలెనని మనసైనది. ఏడు బనీనులలో ఒకటి ఖాళీ కావలెను.

"అల్లుడుగారొచ్చి నిలబడితే ఎవుర్ని తియ్యమంటారండి?" అనిరి మాస్టారు. "కూతోళ్ళని తీస్తే కూతోళ్ళు ఊరుకోరు. నోరు లేనోడిని తీసేసినాం. నానే ఒప్పుకున్నానండి. తప్పు నాదే."

పోటీలో ఏమైనదని అడిగితిమి. మొదటి ఆట గెలిచిరట, రెండవది ఓడిరట. అల్లుడుగారు రెండింటను బాగుగనే ఆడిరట. ఎడమ మూల ఖాళీ పడినందున ఓడితిరా అన్నచో ఆయన ఒప్పుకొనలేదు. ఎదుటి ఊరివారు బలవంతులనియు, ఆ కుర్రవాడున్నను ఓడియుందురేమో యనియు న్యాయముగానే చెప్పిరి. కాని బనీను విప్పి ఇచ్చిన నాటినుండి వాడు బయలునకు రాలేదు. అచ్యుతాపురము ఆర్థిక మండలిలో ఏదో కర్మాగారమున పనికి కుదిరెను. పండుగకు కూడ బెట్టిన బనీను, వాని పేరు వీపున నుండగా, అల్లుడుగారు వేసికొని ఆడుచుండ వాని తల్లి అరుగుపైనుండి చూచినదట. ఆ సంగతి చెప్పునప్పుడు మాస్టారు మా వంక చూడలేదు.

నోరు లేనివాడు అన్న మాట మమ్ము దారిపొడవునను వెంటాడెను. కూతకు పోవువానికి కూత కలదు. వాని గొంతు వినబడును, వాని పేరు వినబడును. పట్టువానికి ఆటలో శబ్దమే లేదు. ఊపిరి బిగబట్టి, ఎదుటివాని పాదము ఎప్పుడు మడమపై వాలునా యని చూచుచు నిలుచును. మేము శబ్దముతో జీవనము గడుపువారము. వినబడినవారినే చీటిపై వ్రాసితిమి.

2024లో మా జోస్యము కొంత జాగ్రత్తగా సాగినది గాని, అప్పుడును ఒకనిని విడిచితిమి. విజయ్ మలిక్ అను ఆల్‌రౌండరును టైటన్స్ వారు తెచ్చుకొనిరి. 2022 ఫిబ్రవరిలో ఢిల్లీ జట్టు పాట్నాను 37-36 తేడాతో ఓడించి కప్పు గెలిచిన ఫైనలులో, అందరును నవీన్ కుమార్ పేరే తలచుచుండగా, నవీన్ 13 పాయింట్లు తేగా ఈ విజయ్ 14 తెచ్చెను. ఈ లెక్క మా కాగితములలోనే యున్నది. అయినను ఆయన పేరు మా ఏడుగురిలో చేర్చలేదు. అక్టోబరు 18వ తేదీన హైదరాబాదు గచ్చిబౌలిలో బెంగళూరుపై 37-29 తేడాతో గెలిచి సీజను ఆరంభించిరి. నడుమ పవన్ గాయపడెను. విజయ్ నాయకత్వము వహించెను. ఆశిష్ నర్వాల్ రెండవ కూతగాడై నిలిచెను. 22 ఆటలలో 12 విజయములు. ఆరవ స్థానము కొద్దిలో తప్పి ఏడవ స్థానము దక్కెను. నాయకుడు బల్లపై నున్నపుడు జట్టు చావలేదన్న మాట.

2025లో వేలము ముగియునప్పటికి పవన్ తమిళ జట్టునకు పోయెను. విజయ్‌ను మనవారు నిలుపుకొనిరి. భరత్ హుడాను, కుడి కార్నరు శుభమ్ షిండేను తెచ్చుకొనిరి. ఆగస్టు 29వ తేదీన తొలి ఆట విశాఖపట్టణముననే, అదియు పవన్ చేరిన ఆ జట్టుతోనే. బుచ్చయ్యపేటనుండి విశాఖ దూరము కాదు. మాస్టారు కుర్రవాండ్రను వెంటబెట్టుకొని పోయి చూచిరట. అంతకు ముందు డబ్బాలో చీటీలు పడినవి. మేము వ్రాసిన చీటిలో ఈసారి నలుగురు పట్టువాండ్రుండిరి. ఎన్ని పేర్లు సరిపోయెనని మమ్ము అడుగకుడు, మేము త్రాగవలసిన టీ ఏదియు లేకపోయెనని మాత్రము చెప్పగలము.

అచ్యుతాపురమునుండి ఎడమ కార్నరు కుర్రవాడును తమ్ముని చేత ఒక చీటి పంపెను. మాస్టారు దానిని మాకు చూపిరి. పేర్లు క్రిందినుండి మీదికి వ్రాసినట్లున్నవి. శుభమ్ షిండే, అంకిత్, అజిత్ పవార్, ఆ పిదప విజయ్, భరత్, ఆశిష్. ఆరు పేర్లే. ఏడవ చోట గీత గీసి వదలెను. అడుగున చిన్న అక్షరములతో 'ఈయన్ని ఎవుడు చస్తాడో సూసి రాస్తాను' అని యున్నది. పందెము నియమముల ప్రకారము ఆ చీటి చెల్లదని తక్కిన కుర్రవాండ్రు వాదించిరట. మాస్టారు చెల్లునని తీర్పు చెప్పిరి.

ఆనాటి ఆట 35-38 తేడాతో పోయినది. సీజను మాత్రము పోలేదు. 2016 తరువాత మొదటిసారిగా టైటన్స్ తుది దశకు చేరి, ఫైనలునకు ఒక్క మెట్టు దిగువన పుణే జట్టు చేతిలో ఆగెను. ఈ జట్టులో మన ఆంధ్ర, తెలంగాణముల కుర్రవాండ్రు తక్కువ; హర్యానా, మహారాష్ట్రలవారే ఎక్కువ. పేరులో తెలుగు కలదు గదా యని కొందరు శ్రోతలు మాకు ఉత్తరములు వ్రాయుదురు. వారి బాధ మాకును లేకపోలేదు. ఊరి బయలున నోరు లేనివాని బనీను విప్పించు అలవాటు మనకున్నంతకాలము లీగువారిని మాత్రమే తప్పు పట్టుటకు మాకు నోరు రాలేదు.

2026 సంక్రాంతికి మాస్టారు ఫోను చేసిరి. కుర్రవానికి కర్మాగారమువారు మూడు రోజులు సెలవిచ్చిరట. బనీనులు ఈసారి ఏడు గాక తొమ్మిది కుట్టించిరట. పట్టిక ఎడమ కార్నరునుండి మొదలుపెట్టి వ్రాసితినని, వ్రాసి గుడి అరుగుపై అందరికిని వినబడునట్లు చదివితినని ఆయన చెప్పిరి. అల్లుడుగారును వచ్చిరట. ఏమనిరని అడిగితిమి. కొంచెము ముఖము ముడుచుకొనినను, మొదటి సగము బల్లపై కూర్చుండి చెరకు ముక్కలు నములుచు చూచి, రెండవ సగమున తొమ్మిదవ బనీను వేసికొని దిగిరట.